నీలి పట్టీపై తెల్లని గీత
నౌసేనా పతకం ఎలా ఉంటుంది? తెలుగు నావికాధికారిణులకు అది ఎందుకు దక్కింది?

నరసరావుపేట: పల్నాటి సీమకు సముద్రం లేదు. ఉమ్మడి గుంటూరు జిల్లాగా ఉన్నన్నాళ్లూ బాపట్ల, నిజాంపట్నం తీరాలను మన జిల్లావేనని చెప్పుకునేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడిన తరువాత ఆ మాటకూ వీలు లేకపోయింది. కృష్ణానది, నాగార్జునసాగర్ జలాశయం, కాలువలు... ఇంతే మనకున్న నీరు. అయితే వీరుడికి గుర్తు నిలబెట్టడంలో మాత్రం ఈ సీమ ఎవరికీ తీసిపోదు.

నాగార్జునకొండ తవ్వకాలలో ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. రాజులకే కాదు, యుద్ధంలో కూలిన సైనికులకు కూడా స్మారకంగా రాతి స్తంభాలు నిలిపిన కాలమది. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్యతో మొదలయ్యే ఉత్సవాలలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు పేర్లతో ఐదు రోజులు పల్నాటి యుద్ధాన్ని స్మరించుకుంటారు. అక్కడ పూజలందుకునేవి విగ్రహాల కన్నా ముఖ్యంగా కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు. వీరాచారవంతులు వాటిని భుజాన మోసుకుని వస్తే జనం దారి ఇచ్చి దండం పెడతారు. ఒక వస్తువు ఒక మనిషి పరాక్రమానికి ప్రతినిధిగా నిలవడం పల్నాటి వారికి కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

నేటి సైనిక పతకం కూడా ఆ కోవకు చెందినదే. అయినా ఏటా జనవరి 26, ఆగస్టు 15 సందర్భాలలో పత్రికలలో వచ్చే పురస్కారాల జాబితాను చాలామంది పైపైన చదివి వదిలేస్తారు. పరమవీర చక్ర అంటే అందరికీ తెలుసు. నౌసేనా పతకం అంటే ఏమిటని అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. 2018 స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా ప్రకటించిన జాబితాలో ఆ పతకం పొందిన వారిలో ఇద్దరు తెలుగు యువతులు ఉన్నారు. ఒకరు విశాఖపట్నానికి చెందిన లెఫ్టినెంట్ కమాండర్ పి.స్వాతి, మరొకరు హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య. వారు యుద్ధం చేయలేదు. శత్రువుపై ఒక్క తూటా పేల్చలేదు. మరి శౌర్య పతకం ఎందుకిచ్చారన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం పతకం నిబంధనలలోనూ, వారు దాటి వచ్చిన సముద్రాలలోనూ ఉంది.

వెండి బిళ్ల, రెండు లంగర్లు

నౌసేనా పతకాన్ని రాష్ట్రపతి 1960 జూన్ 17న నెలకొల్పారు. సైన్యానికి సేనా పతకం, వాయుసేనకు వాయుసేనా పతకం కూడా అదే రోజు పుట్టాయి. మూడూ తోబుట్టువులే.

చక్రాల పేరు గల పురస్కారాలన్నీ గుండ్రంగా ఉంటాయి. నౌసేనా పతకం అలా ఉండదు. ఇది ఐదు భుజాల వెండి బిళ్ల. మూలలు కోసుగా కాక గుండ్రంగా తిరిగి ఉంటాయి. కొలత 35 మిల్లీమీటర్లు. ముందు వైపు నౌకాదళ చిహ్నం ఉబ్బెత్తుగా ఉంటుంది. వెనుక వైపు ఒకదానిపై ఒకటి అడ్డంగా వేసిన రెండు లంగర్లు, వాటి చుట్టూ గొలుసు, పై అంచున హిందీలో 'నౌసేనా మెడల్' అన్న అక్షరాలు ఉంటాయి. పతకాన్ని ఒక అడ్డకడ్డీకి తగిలించి దాని మీదుగా పట్టీ వేలాడదీస్తారు. పట్టీ రంగు ముదురు నీలం, నట్టనడుమ నిలువునా 2 మిల్లీమీటర్ల వెడల్పున సన్నని తెల్లని గీత. నీలి సముద్రంలో ఓడ వెనుక మిగిలే తెల్లని నురుగు బాటలా ఉంటుందని ఎవరైనా అంటే కాదనలేం కానీ, ప్రభుత్వ ఉత్తర్వులో అలాంటి కవిత్వమేమీ ఉండదు. రంగు, కొలత, లోహం, అంతే.

అసలు పతకాన్ని పెరేడ్లు, లాంఛన సందర్భాలలో మాత్రమే యూనిఫాం ఎడమ రొమ్ముపై ధరిస్తారు. మామూలు రోజులలో పట్టీ ముక్క మాత్రమే కనిపిస్తుంది. సైనికుల గుండెలపై వరుసగా రంగురంగుల పట్టీలు కనిపించేది ఇందుకే. తెలిసినవారు ఆ వరుస చూసి ఆ మనిషి ఎక్కడ పనిచేశాడో, ఏం సాధించాడో చదివేయగలరు. ఒకసారి పొందిన వారికే అదే పతకం మళ్లీ దక్కితే రెండో బిళ్ల ఇవ్వరు. మొదటి పట్టీపై ఒక చిన్న అడ్డపట్టీ చేరుస్తారు, దీన్ని 'బార్' అంటారు. గ్రహీతలు తమ పేరు తరువాత 'ఎన్.ఎం.' అని రాసుకోవచ్చు.

శౌర్య చక్ర వంటి పురస్కారాలను రాష్ట్రపతి స్వయంగా రాష్ట్రపతి భవన్‌లో ప్రదానం చేస్తారు. నౌసేనా పతకాలను రాష్ట్రపతి తరఫున నౌకాదళ ప్రధానాధికారి నౌకాదళ ఉత్సవంలో అందజేస్తారు. ఈ తేడాను చిన్నచూపుగా భావించనక్కరలేదు. పురస్కారాల మధ్య ఉన్న వరుసక్రమమే దీనికి కారణం.

ఒకే పతకం, రెండు దారులు

చాలా వార్తలలో జారిపోయే ముఖ్యమైన సంగతి ఒకటుంది. నౌకాదళానికి ప్రత్యేక ప్రాధాన్యం గల అసాధారణ విధినిష్ఠకు గాని, ధైర్యసాహసాలకు గాని ఈ పతకం ఇవ్వవచ్చని నిబంధన. అంటే ఏళ్ల తరబడి ఓడలు, విభాగాలు సమర్థంగా నడిపిన అధికారికి ఇచ్చేదీ, ప్రాణాలకు తెగించిన నావికుడికి ఇచ్చేదీ ఒకే బిళ్ల. చూపులకు భేదం కనిపించదు. అధికారిక ప్రకటనలో మాత్రం పతకం పేరు పక్కన శౌర్యానికా, విధినిష్ఠకా అన్నది విడిగా పేర్కొంటారు. పత్రికలు స్థలాభావంతో ఆ ఒక్క పదాన్ని తొలగిస్తే చదివేవారికి అసలు విషయమే తెలియకుండా పోతుంది.

నెలసరి భత్యం శౌర్యానికి దక్కిన వారికే ఉంటుంది. 2017 ఆగస్టు 1 నుంచి కేంద్రం ఈ భత్యాలను రెట్టింపు చేసింది. ఆ సవరణతో నౌసేనా పతకానికి నెలకు రూ.1,000 నుంచి రూ.2,000కు, శౌర్య చక్రకు రూ.3,000 నుంచి రూ.6,000కు, మహావీర చక్రకు రూ.5,000 నుంచి రూ.10,000కు, పరమవీర చక్రకు రూ.10,000 నుంచి రూ.20,000కు పెరిగింది. డబ్బు కోసం ఎవరూ తుపానుకు ఎదురెళ్లరని ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

శత్రువు ఎదుట చూపిన పరాక్రమానికి పరమవీర, మహావీర, వీర చక్రలు ఉన్నాయి. శత్రువు ఎదుట లేనప్పటి సాహసానికి అశోక, కీర్తి, శౌర్య చక్రలు ఉన్నాయి. మొదటి మూడింటిని 1950 జనవరి 26న నెలకొల్పి 1947 ఆగస్టు 15 నుంచే వర్తింపజేశారు. రెండో వరుసలోనివి 1952లో అశోక చక్ర ఒకటి, రెండు, మూడు తరగతులుగా మొదలై 1967లో నేటి పేర్లు పొందాయి. కృష్ణ ఆవలి ఒడ్డున మన పొరుగు జిల్లా అయిన సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరులైనప్పుడు ప్రకటించినది మహావీర చక్ర. వెండి గుండ్రని బిళ్లపై ఐదు మొనల నక్షత్రం, సగం తెలుపు, సగం నారింజ రంగు పట్టీ దాని గుర్తులు. 1971 యుద్ధంలో నౌకాదళానికి ఎనిమిది మహావీర చక్రలు దక్కాయి. ఆ ఏడాది డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగింది. అదే విశాఖ నుంచి 46 ఏళ్ల తరువాత మరో రకమైన సాహసానికి స్వాతి బయలుదేరారు.

తారిణి

పడవ పేరు తారిణి. ఒడిశాలోని గంజాం జిల్లాలో నావికులు కొలిచే తారాతారిణి అమ్మవారి పేరు పెట్టారు. దాటించేది అని ఆ మాటకు అర్థం. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో నిర్మించగా 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది. పొడవు సుమారు 17 మీటర్లు. ఆర్టీసీ బస్సు ఒకటిన్నర పొడవు అనుకోండి. అందులోనే వంట, నిద్ర, రేడియో, మరమ్మతు సామగ్రి, నెలలకు సరిపడా తిండి. ముందుకు కదిలించేది తెరచాప, గాలి.

ఆరుగురు అధికారిణులు. సారథి ఉత్తరాఖండ్‌కు చెందిన లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి, వృత్తిరీత్యా నౌకా నిర్మాణ నిపుణురాలు. లెఫ్టినెంట్ కమాండర్లు ప్రతిభా జమ్వాల్, పి.స్వాతి, లెఫ్టినెంట్లు ఎస్.విజయాదేవి, బి.ఐశ్వర్య, పాయల్ గుప్తా మిగిలిన ఐదుగురు. నౌకాదళంలో లెఫ్టినెంట్ కమాండర్ అంటే సైన్యంలో మేజర్‌తో సమానం, లెఫ్టినెంట్ అంటే కెప్టెన్‌తో సమానం. స్వాతి విధులు విమాన రాకపోకల నియంత్రణ విభాగంలోనివి. అంటే ఆమె ఉద్యోగం నేలపై ఉండి ఆకాశాన్ని చూసేది. సముద్రం ఆమె తనంత తాను కోరుకున్నది.

వీరికి శిక్షణ ఇచ్చినది కెప్టెన్ దిలీప్ దోండే. 2009-10లో మాదేయి అనే పడవపై ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన తరువాత అభిలాష్ టామీ 2012-13లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టివచ్చి కీర్తి చక్ర అందుకున్నారు. ఈ యువతులు కూడా ముందుగా మాదేయిపైనే చేతులు తిప్పారు. 2016లో మారిషస్, గోవాల మధ్య ప్రయాణం చేశారు. ఏళ్ల సాధన తరువాతే అసలు యాత్ర.

ఇరవై ఒక్క వేల ఆరు వందల మైళ్లు

2017 సెప్టెంబరు 10న గోవాలోని ఐఎన్ఎస్ మాండోవి నుంచి అప్పటి రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ జెండా ఊపగా తారిణి కదిలింది. 2018 మే 21న అక్కడికే తిరిగి వచ్చింది. మొత్తం 254 రోజులు, అందులో 199 రోజులు నీటిపైనే. దూరం 21,600 నాటికల్ మైళ్లు.

ఈ అంకె వెనుక చిన్న లెక్క ఉంది. భూమి చుట్టుకొలత 360 డిగ్రీలు. డిగ్రీకి 60 నిమిషాలు. ఒక్కో నిమిషానికి ఒక నాటికల్ మైలు. 360ని 60తో హెచ్చిస్తే 21,600. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కనుక మొత్తం సుమారు 40,000 కిలోమీటర్లు. భూప్రదక్షిణ అని చెప్పుకోవాలంటే ఇంత దూరానికి తగ్గకూడదు. బయలుదేరిన రేవుకే చేరాలి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. రేఖాంశాలన్నీ దాటాలి. సూయజ్, పనామా కాలువల దగ్గరి దారి పట్టకూడదు. అడ్డదారి లేని పరీక్ష ఇది.

అక్టోబరులో ఆస్ట్రేలియాలోని ఫ్రిమాంటిల్, నవంబరు చివర న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్ చేరారు. డిసెంబరులో అక్కడి నుంచి బయలుదేరి పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి జనవరిలో ఫాక్‌లాండ్ దీవుల పోర్ట్ స్టాన్లీ తాకారు. దాదాపు 40 రోజులు కంటికి నేల కనిపించని దశ అది, యాత్ర మొత్తంలో అన్నిటికన్నా కఠినమైనది. దక్షిణార్ధగోళంలో 40 డిగ్రీల అక్షాంశం దాటాక గాలికి అడ్డుపడే భూఖండం దాదాపు ఉండదు. గాలి భూమి చుట్టూ ఎదురులేకుండా తిరుగుతూ బలం పుంజుకుంటుంది, అలలు పర్వతాల వలె లేస్తాయి. ఆ ప్రాంతాన్ని నావికులు 'గర్జించే నలభైలు' అంటారు. తారిణి ఆ గర్జనను దాటి ఇంకా దక్షిణానికి, 56వ డిగ్రీ దగ్గరి కేప్ హార్న్ వరకు వెళ్లింది. పది మీటర్ల వరకు లేచిన అలలు, గడ్డకట్టించే చలి, తుపాను గాలి. మూడంతస్తుల మేడంత నీరు మీదికి వస్తున్నప్పుడు చుక్కాని వదలకూడదు. చేతి తొడుగులు తడిసి వేళ్లు మొద్దుబారినా తాడు వదలకూడదు. సాయానికి పిలిస్తే గంటలలో వచ్చేవారు ఎవరూ ఉండరు. ఆ సముద్రంలో రోజుల తరబడి మరో ఓడ కనిపించదు.

2018 జనవరిలో కేప్ హార్న్ దాటిన రోజున పడవపై మువ్వన్నెల జెండా ఎగరేశారు. తెరచాప నావికులకు అది ఎవరెస్టు శిఖరం వంటిదని చెబుతారు. లీవిన్, హార్న్, గుడ్ హోప్ అనే మూడు మహా అగ్రాలనూ తారిణి దాటింది.

మార్చిలో దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్. అక్కడి నుంచి నేరుగా గోవా రావలసింది. దారిలో చుక్కాని తిప్పే యంత్రాంగం చెడడంతో మారిషస్ వెళ్లి మరమ్మతు చేయించుకోవలసి వచ్చింది. అనుకున్నది నాలుగు రేవులు, తాకినవి ఐదు. ఇంటికి దగ్గరపడ్డామనుకున్నప్పుడు చుక్కాని మొరాయించడం కన్నా కష్టమైన పరీక్ష ఉండదేమో. వారు తొందరపడలేదు. బాగు చేయించుకుని, రుతుపవనాలకు ముందే గోవా చేరారు.

శత్రువు లేని చోట శౌర్యమా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. విహారయాత్రకు శౌర్య పతకమా అని పెదవి విరిచినవారు ఆనాడు లేకపోలేదు. అది విహారయాత్ర కాదని పై వివరాలే చెబుతాయి. నిబంధనల ప్రకారం చూసినా ఈ పతకానికి శత్రువు ఎదుట ఉండాలన్న షరతు లేదు. నౌకాదళానికి ప్రత్యేక ప్రాధాన్యం గల సాహసమై ఉండాలి. భారత నౌకాదళంలోకి అధికారిణులను 1992లో తీసుకోవడం మొదలైంది. పాతికేళ్ల తరువాత కూడా వారిని సముద్రంపై ఏ మేరకు నమ్మవచ్చునన్న చర్చ సాగుతూనే ఉంది. పురుషుల సాయం లేకుండా ఆరుగురు స్త్రీలు ఒక భారతీయ నౌకాదళ పడవను భూమి చుట్టూ తిప్పి తీసుకురావడం ఆ చర్చకు చేతలతో ఇచ్చిన జవాబు. రెండేళ్లు తిరగకముందే, 2020 మార్చి 17న, నౌకాదళంలో అర్హులైన అధికారిణులకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సముద్రయానానికి స్త్రీలు పనికిరారన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. తీర్పుకు యాత్రే కారణమని అనలేం. కానీ ఆ వాదన వినడానికే ఎబ్బెట్టుగా మారడంలో తారిణి పాత్ర ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆరుగురికీ నౌసేనా పతకం శౌర్య విభాగంలోనే దక్కింది. సారథికి ఒకటి, సిబ్బందికి మరొకటి అన్న తేడా చూపలేదు. సముద్రంలో ఎవరి వంతు వచ్చినప్పుడు వారే పడవకు దిక్కు కనుక ఇది సబబుగానే తోస్తుంది. ఈ బృందానికి టెన్జింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం, నారీశక్తి పురస్కారం కూడా వచ్చాయి. అవి సన్మానాలు. యూనిఫాంపై నిత్యం కనిపించేది మాత్రం ఆ నీలి పట్టీయే.

అదే తారిణిపై 2024 అక్టోబరు 2న లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా, రూప ఇద్దరే గోవా నుంచి బయలుదేరి భూప్రదక్షిణ ముగించి 2025 మే 29న తిరిగి వచ్చారు. ఆరుగురు చేసిన పనికి ఈసారి ఇద్దరు చాలారు.

మన పిల్లలకు దారి

నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన సీమలో ఆడపిల్లలకు ధైర్యం నూరిపోయవలసిన పని లేదు. కావలసింది సమాచారం. నౌకాదళం అంటే విశాఖ పిల్లలకే అన్న అపోహ మాచర్ల, గురజాల ప్రాంతాలలో ఇప్పటికీ వినిపిస్తుంది. అధికారి ఎంపికలో తీరప్రాంత నివాసానికి మార్కులేమీ లేవు. ఈత, నావికా విద్య శిక్షణలో నేర్పుతారు. తారిణి సారథి కూడా హిమాలయాల ఒడిలోని రాష్ట్రం నుంచే వచ్చారు.

ఇంటర్మీడియట్ తరువాత నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రధానమైన దారి. సుప్రీంకోర్టు 2021 ఆదేశాల ఫలితంగా అమ్మాయిలకు అందులో ప్రవేశం లభించింది. 2022లో చేరిన తొలి బృందం నుంచి 17 మంది 2025 మే 30న శిక్షణ ముగించుకుని బయటకు వచ్చారు. నౌకాదళ విభాగం కోరేవారు ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. అంటే మన ఎంపీసీ. వయసు పదహారున్నర, పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి, అవివాహితులై ఉండాలి. పదో తరగతి కాగానే పెళ్లి మాట ఎత్తే ఇళ్లలో ఈ చివరి షరతును గట్టిగా చదివి వినిపించడం మంచిది. ఇంకా ముందుగానే మొదలుపెట్టాలనుకునే వారికి కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలలు ఉన్నాయి. 2021-22 విద్యా సంవత్సరం నుంచి సైనిక పాఠశాలలలో బాలికలకు కూడా ప్రవేశం కల్పిస్తున్నారు. డిఫెన్స్ అకాడమీ ప్రవేశపరీక్షను యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహిస్తుంది. రాతపరీక్ష గట్టెక్కిన వారికి ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ, ఆపై వైద్య పరీక్షలు ఉంటాయి.